తాత అట్టలు, నా ప్రోగ్రాము, ఒక పేటెంటు నోటీసు

మొన్న రాఖీ పున్నమికి మార్కండేయ రథం చూద్దామని పుణె నుంచి మా మేనల్లుడు వచ్చాడు. పొద్దంతా ఊరేగింపు వెంబడి తిరిగి, కాళ్ళు నొప్పులని వరండాలో కూలబడ్డాడు. అన్నాలయ్యాక మెల్లగా అడిగాడు.

"అత్తా, నేనూ నా దోస్తూ కలిసి ఒక యాప్ చేస్తున్నం. రేపు ఎవడన్న వచ్చి ఇది మా పేటెంటు అంటే ఏం చెయ్యాలె? నీకు అట్లనే అయింది కదా?"

అయింది. ఆ కథ మన ఇంటోళ్ళందరికీ సగం సగం తెలుసు. భీవండి వాళ్ళకు ఒక రకంగా తెలుసు, సూరత్ చిన్నమ్మ వాళ్ళకు ఇంకో రకంగా తెలుసు. ఒకరైతే నేను జైలుకు పోబోయి తప్పించుకున్నానని చెప్పారట. జైలు లేదు, ఏం లేదు. పేటెంటు గొడవ సివిల్ వ్యవహారం. అందుకే ఉన్నదున్నట్టు ఒకసారి రాసి పెడుతున్నాను. పిల్లల్లో ఇంకెవరైనా సాఫ్ట్‌వేర్ కంపెనీ పెడితే చదువుకుంటారు.

ముందు తాత గురించి చెప్పాలి. ఆయన లేకపోతే నా కంపెనీ లేదు.

మన ముత్తాత కరీంనగర్ వైపు నుంచి సోలాపూర్‌కు వచ్చిన సంగతి ఈ బ్లాగులో పెదనాన్న రాశారు. తాత మగ్గం మీద ఎక్కువ రోజులు కూర్చోలేదు. ఆయన చెయ్యి గీతకు తిరిగింది. చద్దర్ల కార్ఖానాలో గ్రాఫ్ గీసేవాడు. నెమలి, తామరపువ్వు, జింక, ఏది కావాలన్నా ముందు గళ్ళ కాగితం మీదికి ఎక్కాలి. ఒక గడి అంటే ఒక పడుగు పోగు మీద ఒక పేక పోగు. పోగు పైకి లేవాల్సిన గడికి రంగు వేస్తారు, లేవనక్కర్లేని గడిని ఖాళీగా వదిలేస్తారు. ఆ కాగితం చూసి ఇంకొకరు అట్టలకు రంధ్రాలు కొడతారు. అట్టలన్నీ దారంతో కుట్టి దండలా చేసి జాకార్డు మీద వేస్తే సాంచా తిరిగినంతసేపూ నెమళ్ళు వస్తూనే ఉంటాయి.

కంప్యూటర్ చదువుకున్న వాళ్ళకు ఇది ఎక్కడో విన్నట్టు ఉంటుంది. రంధ్రం ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. ఫ్రాన్సులో లియోన్ ఊరి జాకార్డు ఈ యంత్రం తెచ్చింది 1804 ప్రాంతంలో. ఆయనకంటే ముందు 1725లోనే బూషోన్ అనే ఆయన రంధ్రాల కాగితంతో మగ్గం నడిపించాడు. అమెరికాలో 1890 జనాభా లెక్కలకు హోలెరిత్ వాడినవీ రంధ్రాల కార్డులే. అంటే సాఫ్ట్‌వేర్ మన కులవృత్తికి దూరపు చుట్టం. ఇంకొక ముచ్చట. జాకార్డు యంత్రాన్ని ఫ్రాన్సు ప్రభుత్వం ప్రజల సొత్తుగా ప్రకటించింది. ఆయనకు పెన్షన్ ఇచ్చి, ఒక్కో యంత్రానికి ఇంత అని ముట్టజెప్పింది. ఎవరైనా చేసుకోవచ్చు, ఆయనా ఉత్త చేతులతో పోలేదు. నోటీసు వచ్చిన రోజుల్లో ఈ సంగతి నాకు పదేపదే గుర్తొచ్చేది.

నేను పుణెలో తొమ్మిదేళ్ళు ఉద్యోగం చేసి 2017లో వదిలేసి ఇంటికి వచ్చాను. అప్పటికి సోలాపూర్‌లో కొన్ని కార్ఖానాలు ఎలక్ట్రానిక్ జాకార్డులు పెట్టుకున్నాయి. అట్టలు అక్కర్లేదు, ఫైలు ఇస్తే చాలు. కానీ ఆ ఫైలు తయారుచేసే సాఫ్ట్‌వేర్లు ఖరీదు, పైగా అంతా ఇంగ్లీషు. మన గ్రాఫ్ మాస్టర్లకు నోరు తిరగదు. బాబాయి కొడుకూ నేనూ కలిసి మొదలుపెట్టాం. ఫోన్‌లో ఫోటో తీస్తే రంగులు తగ్గించి, ఎన్ని రంగుల పేక ఉందో అన్ని రంగుల్లోకి సర్ది, నేతకు పనికొచ్చే ఫైలు ఇచ్చే ప్రోగ్రాము అది. మెనూలన్నీ తెలుగులో, మరాఠీలో పెట్టాం. బ్యాంకు అప్పుకు నాయిన ఈ ఇంటినే తాకట్టు పెట్టాడు. సంతకం చేసేటప్పుడు ఆయన ఏమీ అనలేదు. అమ్మ మాత్రం దేవుని గూటి వైపు చూసింది.

2019 ఫిబ్రవరిలో రిజిస్టర్డ్ పోస్టు వచ్చింది. ఫలానా కంపెనీ తరఫు వకీలు, మూడు పేజీలు, ఇంగ్లీషు. "ఛాయాచిత్రం నుంచి జాకార్డు డిజైను తయారుచేసే కంప్యూటర్ పద్ధతి" మీద తమ క్లయింటుకు హక్కులున్నాయట. మేము వాటిని ఉల్లంఘిస్తున్నామట. 15 రోజుల్లో అమ్మకాలు ఆపి, ఇప్పటిదాకా వచ్చిన డబ్బు లెక్క చెప్పాలట. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను. పేరు రాస్తే ఈ పేజీ పగ తీర్చుకోవడానికి రాసినట్టు అవుతుంది.

నాయిన కాగితం తిప్పి తిప్పి చూశాడు. "ఇల్లు పోతదా బిడ్డా?" అని ఒక్క మాట అడిగాడు.

ఆ రాత్రి నేను చేసిన మొదటి పని, చెయ్యకూడని పని. క్షమాపణ లాంటి ఈమెయిలు రాశాను. "మీ పేటెంటు సంగతి మాకు తెలియదు, ఆ భాగం వెంటనే తీసేస్తాం, దయచేసి ముందుకు పోవద్దు" అని. పంపడానికి వేలు బటన్ మీద ఉండగా తమ్ముడు ఫోన్ లాక్కున్నాడు. "వకీల్ని అడగకుండ ఒక్క అక్షరం రాయకు" అన్నాడు. తర్వాత తెలిసింది, ఆ ఈమెయిలు పోయి ఉంటే తప్పు ఒప్పుకున్నట్టు నా సంతకంతోనే నా మీద సాక్ష్యం ఉండేది.

మన కుటుంబ వకీలు సాహెబ్‌కు భూముల కేసులు వెన్నతో పెట్టిన విద్య. కాగితం చూసి నిజాయితీగా చెప్పాడు, "హే మాఝే కామ్ నాహీ, ఇది నా పని కాదు." పేటెంటు ఏజెంటు అని వేరే ఉంటారు. సైన్సో ఇంజనీరింగో చదివి, పేటెంటు ఆఫీసు పెట్టే పరీక్ష పాసైన వాళ్ళు. ఆయన చెబితే పుణెలో ఒక మేడమ్ దగ్గరికి వెళ్ళాను. ఆమె నోటీసు చదివి అడిగిన మొదటి ప్రశ్న నేను ఊహించనిది.

"ఇందులో ఇచ్చిన నంబరు పేటెంటు నంబరా, అప్లికేషన్ నంబరా?"

నాకు తేడా తెలియదు. ఆమె అక్కడే పేటెంటు ఆఫీసు వెబ్‌సైటు తెరిచి నంబరు కొట్టింది. ఎవరైనా చూడొచ్చు, రూపాయి ఖర్చు లేదు. అది అప్లికేషన్ నంబరు. 2015లో వేశారు. అప్లికేషన్ వేసిన 18 నెలలకు అందరికీ కనిపించేలా ప్రచురిస్తారు. కాబట్టి అది ప్రచురితమైంది, కానీ పేటెంటు రాలేదు. పేటెంటు రాకముందు ఉల్లంఘన దావా వెయ్యలేరు. అయితే ఇక్కడ గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోవడానికీ లేదు. రేపు పేటెంటు మంజూరైతే ప్రచురించిన రోజు నుంచీ లెక్కగట్టి నష్టపరిహారం అడగొచ్చు. నోటీసులో ఎక్కడా "పేటెంటు ఉంది" అని లేదు, "హక్కులున్నాయి" అని ఉంది. రాసినవాడు తెలివైనవాడు.

రెండో సంగతి నన్ను బాగా మార్చింది. నేను అప్పటిదాకా పేటెంటు అంటే దాని పేరు, మొదటి పేజీలో ఉండే సారాంశం అనుకున్నాను. పేరు చూస్తే మా పనీ వాళ్ళ పనీ ఒకటే. కానీ చట్టం చూసేది చివర్లో నంబర్లు వేసి రాసే క్లెయిములను. పొలానికి పేరు ఏదైనా ఉండొచ్చు, హద్దురాళ్ళు ఎక్కడున్నాయో చూడాలి కదా, అట్లా. మొదటి క్లెయిములో నాలుగు మెట్లున్నాయి. ఫోటో తీసుకోవడం, రంగులు తగ్గించడం, ఒక పోగు మరీ ఎక్కువ గడుల మీదుగా వదులుగా తేలిపోతుంటే మధ్యలో కట్టు వెయ్యడం, నాలుగోది, సాంచా మీద పెట్టిన సెన్సర్ నుంచి పడుగు బిగువు చదివి ఆ కట్ల దూరాన్ని మార్చడం. నాలుగూ ఉంటేనే ఉల్లంఘన. ఒక్కటి లేకపోయినా ఆ క్లెయిము మన మీదికి రాదు. మా ప్రోగ్రాముకు సాంచాతో సంబంధమే లేదు. ఫైలు ఇచ్చేసి పక్కకు తప్పుకుంటుంది.

మేడమ్ ఇంకొక కాగితం తెరిచింది. పేటెంటు ఆఫీసు పరీక్షించి పంపిన అభ్యంతరాల రిపోర్టు, దానికి ఆ కంపెనీ ఇచ్చిన జవాబు. రెండూ వెబ్‌సైటులోనే ఉన్నాయి. మన పేటెంటు చట్టం 1970 నాటిది. అందులో సెక్షన్ 3(కె) ప్రకారం గణిత పద్ధతి, వ్యాపార పద్ధతి, ఆల్గారిథమ్, కంప్యూటర్ ప్రోగ్రాము "పర్ సే", అంటే ఉత్త ప్రోగ్రాము, పేటెంటుకు అర్హం కావు. 2004 చివర్లో ఆర్డినెన్సు తెచ్చి దీన్ని సడలించబోయారు గానీ 2005లో పార్లమెంటు ఆ మార్పును తీసిపారేసింది. అలాగని సాఫ్ట్‌వేరుకు ఇక్కడ పేటెంటే రాదనుకుంటే పొరపాటు. ప్రోగ్రాము వల్ల సాంకేతికంగా ఏదో ఫలితం వస్తుందని చూపిస్తే ఇస్తారు. ఢిల్లీ హైకోర్టు కూడా ఫరీద్ అలానీ కేసులో 2019 డిసెంబరులో ఆ మాటే చెప్పింది. మా గొడవ నాటికి ఆ తీర్పు ఇంకా రాలేదు.

ఆ అభ్యంతరాలకు జవాబుగా కంపెనీవాళ్ళు ఏమన్నారు? "మాది ఉత్త ప్రోగ్రాము కాదు, సాంచా సెన్సరుతో ముడిపడి ఉంది, మా కొత్తదనమంతా అదే" అన్నారు. నాలుగో మెట్టు మొదట లేదట, అప్పుడు కలిపారు. పేటెంటు ఆఫీసుకు "సెన్సరే మా ప్రాణం" అని చెప్పి, మాకు పంపిన నోటీసులో సెన్సర్ ఊసే ఎత్తలేదు. అక్కడొక మాట, ఇక్కడొక మాట. నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. పది రోజుల తర్వాత వచ్చిన మొదటి నవ్వు అది.

ఇక్కడే తాత పుస్తకాలు మళ్ళీ కథలోకి వచ్చాయి. వాళ్ళ మూడో మెట్టు, తేలే పోగుకు మధ్యలో కట్టు వెయ్యడం, తాత రోజూ చేసిన పని. గ్రాఫ్ అయిపోయాక ఎర్ర పెన్సిల్ తీసుకుని, రంగు ఎక్కువ గడులు వరసగా ఉన్నచోట మధ్యమధ్య చుక్కలు పెట్టేవాడు. ఎందుకు తాతా అంటే చద్దర్ మీద బొటనవేలి గోరు లాగి చూపించేవాడు. "దారం గోటికి తగులుకున్నదా, పొరగాని కాలి మట్టెకు గూడ తగులుకుంటది. ఒక్కసారి గుంజితే నెమలి మెడ పోతది" అనేవాడు. ఆ పుస్తకాలు ట్రంకు పెట్టెలో ఉన్నాయి. నేను గబగబా తీసుకుని పుణె పరుగెత్తాను. ఇదిగో సాక్ష్యం, నలభై ఏళ్ళ కిందటిది, అని మేడమ్ బల్ల మీద పరిచాను.

ఆమె చాలాసేపు చూసింది. చాలా బాగున్నాయంది. తర్వాత మెత్తగా, పెట్టెలో దాచిన పుస్తకం అందరికీ తెలిసిన విషయం కిందికి రాదని చెప్పింది. అప్లికేషన్ తేదీకి ముందే అచ్చయి ఉండాలి, లేదా మన దేశంలో బహిరంగంగా తెలిసో వాడుకలోనో ఉండాలి. పుస్తకం అచ్చు కాలేదు. కానీ ఆ గ్రాఫులతో నేసిన చద్దర్లు బజారులో అమ్ముడుపోయాయి కదా. చద్దర్, దాని గ్రాఫ్, తేదీ ఉన్న బిల్లు, మూడూ జతకూడితే అది వాడుకకు సాక్ష్యం. నేను తిరిగొచ్చి ఆ కార్ఖానా వాళ్ళ పాత ఖాతాలు వెతికించాను. రెండు బిల్లులు దొరికాయి. ఒకదాని మీద చెదలు. అయినా వాళ్ళు చెప్పేది చేత్తో వేసే కట్టు కాదు, కంప్యూటర్ తానుగా వేసేది. కాబట్టి తాత ఒక్కడే కేసు గెలిపించడు. కంప్యూటరుతో జాకార్డు డిజైన్లు చెయ్యడం మీద పాత పత్రికలు, పాత పేటెంట్లు ఎన్నో ఉన్నాయి, అవే అసలు బలం. ఎలక్ట్రానిక్ జాకార్డు 1983లోనే మిలాన్ ప్రదర్శనలో పెట్టారు. అప్పటి నుంచి ఎంత మంది ఎన్ని రాశారో.

పేటెంటు మంజూరు కాకముందు ఎవరైనా అభ్యంతరం వెయ్యొచ్చు, మంజూరయ్యాక ఒక ఏడాది లోపల సంబంధం ఉన్నవాళ్ళు వెయ్యొచ్చు. అప్పట్లో ముందు వేసే అభ్యంతరానికి ఆఫీసు ఫీజు ఉండేది కాదు. 2024 రూల్స్ వచ్చాక ఫీజు పెట్టారు. మేము వెయ్యలేదు. క్లెయిము మా మీదికే రానప్పుడు ఏజెంటు ఫీజు కట్టి పక్కింటి గోడ మీద మనమెందుకు కొట్లాడటం? బిల్లులు, గ్రాఫులు, పత్రికల కాపీలు అన్నీ ఒక ఫైలులో పెట్టి ఉంచాం. రేపు వాళ్ళు ఇందులోంచే ఇంకో అప్లికేషన్ చీల్చి, సెన్సరు లేని క్లెయిము వేస్తే అప్పుడు తీయాలని.

ఇంతవరకూ కథ విన్నవాళ్ళు "హమ్మయ్య" అంటారు. నేనూ అన్నాను. అప్పుడు మేడమ్ అడిగింది, "ఈ ప్రోగ్రాము మొదటి వరస మీరు ఎప్పుడు రాశారు? దేని మీద రాశారు?"

నిజం చెప్పాను. పుణె ఉద్యోగం వదలకముందు, ఆదివారాలు, ఆఫీసు ల్యాప్‌టాప్ మీద రాశాను. నాకున్నది అదొక్కటే ల్యాప్‌టాప్. రంగులు తగ్గించే భాగం మొత్తం అట్లా రాసిందే. చేరినప్పుడు సంతకం చేసిన ఒప్పందం తెమ్మంది. తెచ్చాను. ఉద్యోగంలో ఉన్నప్పుడు కంపెనీ సామాను వాడి తయారుచేసినదేదైనా కంపెనీదే అని అందులో స్పష్టంగా ఉంది. అప్పట్లో నేను చదవకుండా సంతకం పెట్టిన పేజీ అది. పేటెంటు నోటీసు పంపినవాళ్ళతో మాకు పోయేది ఏం లేదు, నా పాత ఆఫీసు తలుచుకుంటే మాత్రం ప్రోగ్రాములో సగం వాళ్ళది. బయటివాడి నోటీసుకు భయపడి పది రోజులు నిద్రపోలేదు గానీ, అసలు పాము నా సంచిలోనే ఉంది.

అడిగి కాగితం రాయించుకుందామా అనుకున్నాం. ఇస్తారో, లేనిపోనిది గుర్తుచేసినట్టవుతుందో తెలియలేదు. చివరికి ఆ భాగం పారేసి మళ్ళీ రాయాలని నిర్ణయించాం. నేను కాదు. బాబాయి కొడుకు ఆ కోడ్ ఎప్పుడూ తెరవలేదు. ఏం పని జరగాలో నేను కాగితం మీద రాసిస్తాను, ఎలా జరగాలో వాడు సొంతంగా రాసుకుంటాడు. 1980లలో ఐబీఎం కంప్యూటర్లకు సరిపోయే యంత్రం చెయ్యడానికి కాంపాక్ వాళ్ళూ ఇట్లాగే చేశారు. ఒక గుంపు చదివి ఏం చేస్తుందో రాసింది, కోడ్ చూడని ఇంకో గుంపు కొత్తగా రాసింది. ఇది కాపీరైటు గొడవకు మందు, పేటెంటుకు కాదు. పేటెంటు విషయంలో నువ్వు చూడకుండా సొంతంగా కనిపెట్టినా ఉల్లంఘనే. మన చట్టంలో పేటెంటు ఉందని తెలియదని, తెలిసే అవకాశమూ లేదని నిరూపించుకుంటే నష్టపరిహారం తప్పొచ్చు. కానీ ఆపమంటే ఆపాల్సిందే.

మళ్ళీ రాయడానికి రెండున్నర నెలలు పట్టింది. ఆ మధ్యలో పెద్ద దెబ్బ తగిలింది. నోటీసు కాపీ మా అన్నిటికంటే పెద్ద గిరాకీకి కూడా పంపారు. ఆయన మంచివాడే, మన పద్మశాలీయే, పెళ్ళిళ్ళలో ఎదురుపడే మనిషే. "నాకు కోర్టు పంచాయితీలు వద్దమ్మా, అది తేలినంక చూద్దాం" అన్నాడు. దీపావళి సీజను ఆర్డరు పోయింది. మరుసటి ఏడు ఒప్పందాల్లో వాయిదాలు కట్టడానికి అమ్మ గాజులు బ్యాంకులో పెట్టాం. ఇది ఇంట్లో చాలామందికి తెలియదు. ఇప్పుడు విడిపించాం కాబట్టి రాస్తున్నాను.

గిరాకీలను ఇట్లా ఆధారం లేకుండా బెదిరిస్తే మనమే వాళ్ళ మీద దావా వెయ్యొచ్చట, సెక్షన్ 106. పేటెంటు ఉందని ఊరికే తెలియజేస్తే బెదిరింపు కాదు, దావా వేస్తామంటే బెదిరింపు. వాళ్ళ కాగితం రెండో రకం. నాయిన "కోర్టు మెట్లు మనకు వద్దు" అన్నాడు. సరే, మేడమ్ చేత జవాబు మాత్రం రాయించాం. ఒకటిన్నర పేజీ. మీది అప్లికేషనే, మీ క్లెయిములో ఫలానా మెట్టు ఉంది, అది మా దగ్గర లేదు, మీరే ఫలానా తేదీన పేటెంటు ఆఫీసుకు ఇట్లా చెప్పారు, మా గిరాకీలకు మళ్ళీ రాస్తే సెక్షన్ 106 కింద చర్య తీసుకుంటాం. పెద్ద మాటలు లేవు, క్షమాపణలు లేవు. దానికి ఇవాళ్టికీ జవాబు రాలేదు.

ఈ కథ విన్న మన బంధువులు రెండు సలహాలు ఎప్పుడూ ఇస్తారు. రెండింటికీ ఇక్కడే జవాబు చెప్తాను.

మొదటిది, "మన చద్దర్‌కు పేటెంటు ఉంది కదా, దాన్ని చూపించకపోయావా?" సోలాపూర్ చద్దర్‌కు ఉన్నది పేటెంటు కాదు, జీఐ ట్యాగు. ఫలానా ఊరి సరుకు అని చెప్పుకునే హక్కు అది, ఊరందరిదీ. 1999 చట్టం వేరు. పేటెంటు ఒక కొత్త ఆలోచనకు, అప్లికేషన్ వేసిన నాటి నుంచి 20 ఏళ్ళే. మధ్యలో ఏటేటా ఫీజు కట్టకపోతే అంతకుముందే పోతుంది. అట్లా పోయినవి పేటెంటు ఆఫీసు రికార్డుల్లో ఎన్నో ఉన్నాయి, ఒక పద్ధతి వాడుకోవాలనుకుంటే అది ఇంకా బతికుందో లేదో ముందు చూసుకోవాలి. కోడ్ మీద ఉండే కాపీరైటు ఇంకోటి, అది రాసిన క్షణం నుంచే ఉంటుంది. ఈ మూడూ వేర్వేరు.

రెండోది, "అమెరికాలో అమ్ము, డాలర్లొస్తాయి." అమెరికాలో ఉన్న వదిన ఈ మాట ఇప్పటికి ఆరుసార్లు చెప్పింది. పేటెంటు ఏ దేశానికి ఆ దేశమే. సోలాపూర్‌లో మాత్రమే అమ్ముకునేవాడికి అమెరికా పేటెంటు వర్తించదు, అక్కడ అమ్మబోతే వర్తిస్తుంది. 2014లో ఆలిస్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఉత్త ఆలోచనను కంప్యూటర్ మీద చేశానంటే పేటెంటు ఇవ్వబోమని చెప్పింది, దానితో ఎన్నో రాలిపోయాయి. అయినా అక్కడ తెలిసి ఉల్లంఘించారని తేలితే మూడింతల దాకా కట్టించే అవకాశం ఉంది. అక్కడి వకీళ్ళ ఫీజు మన ఇల్లు రెండుసార్లు అమ్మినా చాలదు.

అక్కడ ఏమవుతుందో చెప్పడానికి జిఫ్ బొమ్మల కథ చాలు. 1987లో కంప్యూసర్వ్ ఆ ఫైలు పద్ధతి తెచ్చింది, అందరూ వాడుకున్నారు. అందులో బొమ్మను కుదించే పద్ధతి మీద యూనిసిస్‌కు పేటెంటు ఉంది. 1994 చివర్లో, జిఫ్ ప్రోగ్రాములు చేసేవాళ్ళు డబ్బు కట్టాలని ప్రకటన వచ్చింది. కొందరు కట్టారు. ఇంకొందరు కూర్చుని ఆ పద్ధతి అక్కర్లేని కొత్త ఫైలు పద్ధతి చేశారు, అదే పీఎన్‌జీ. అమెరికాలో ఆ పేటెంటు 2003 జూన్‌లో ముగిసింది. నాకు ఈ కథలో నచ్చేది రెండో గుంపు. క్లెయిము ఎక్కడుందో చూసి దాని పక్క నుంచి దారి వేసుకున్నారు. మేము ఇప్పుడు కొత్త భాగం ఏది మొదలుపెట్టినా, వారం రోజులు పేటెంటు రికార్డులు వెతికి, హద్దులు చూసుకుని, అప్పుడు రాస్తాం. ఎవరో రాసిన ఉచిత కోడ్ వాడుకునేటప్పుడు దాని లైసెన్సు కూడా చదువుతాం. అపాచీ 2.0 లాంటివి రాసినవాళ్ళ పేటెంటు అనుమతి కూడా స్పష్టంగా ఇస్తాయి, కొన్ని ఆ ఊసే ఎత్తవు.

మా సొంతానికి పేటెంటు తీసుకోలేదా అని మేనల్లుడు అడిగాడు. తీసుకోదగ్గది ఒకటి ఉండేది. టవల్ మీద కుచ్చు ఎత్తులు లెక్కగట్టే పద్ధతి. కానీ ఉత్సాహం ఆగక ఇక్కడి ఒక ప్రదర్శనలో స్టాలు పెట్టి అందరికీ విప్పి చూపించేశాం. అప్లికేషన్ వెయ్యకముందే లోకానికి చూపిస్తే కొత్తదనం పోయినట్టే. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనలకు ఏడాది మినహాయింపు ఉంది, మాది అట్లాంటిది కాదు. ముందుగా ఒక తాత్కాలిక అప్లికేషన్ వేసి ఉంటే పూర్తిది వెయ్యడానికి 12 నెలలు దొరికేవి, స్టార్టప్ అని ఫీజు కూడా బాగా తగ్గేది. చూపించిన ముచ్చట మాత్రం మిగిలింది. ఆ రోజు నాయిన స్టాలు దగ్గర కుర్చీ వేసుకుని వచ్చినవాళ్ళందరికీ తాత గ్రాఫు చూపించాడు.

ఆ గ్రాఫులను ఇప్పుడు మరదలు ఒక్కొక్కటి స్కాన్ చేస్తోంది. నూటయాభై దాకా అయ్యాయి. తేదీ ఉన్నవి ముందు ఈ బ్లాగులో పెడతాం.

ఇదంతా విని మేనల్లుడు లోపలికి వెళ్ళి సంచిలోంచి ల్యాప్‌టాప్ తెచ్చాడు, యాప్ చూపిస్తానని. మూత మీద ఒక కంపెనీ స్టిక్కరు, కింద ఆస్తి నంబరు.

"ఇది ఎవరిదిరా?" అన్నాను.

వాడు స్టిక్కరు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, మెల్లగా మూత వేశాడు.